నమూనా మీద ఎర్ర చుక్క

ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. ప్రదర్శన పెట్టినవాళ్ళు అడగలేదు, రిబ్బను కత్తిరించిన పెద్దలు అడగలేదు, మర్నాడు దాని గురించి రాసినవాళ్ళూ అడగలేదు. జనం ఎలా వచ్చారు, లైట్లు ఎలా మెరిశాయి, భోజనాల్లో పులిహోర ఎంత బాగుంది, ఇవన్నీ రాశారు. "ఇందులో మీ వీధి ఎక్కడ? దాని వెనక ఏముంది?" అని ఒక్కరు నన్ను అడిగి ఉంటే ఇది రాసే పని నాకు ఉండేది కాదు. అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. నాకు మరపు తక్కువ. అది మంచిదో చెడ్డదో నా భార్య చెబుతుంది.

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సముద్రానికి పోయే దారిలో మా ఊరు. చర్చి వీధి మొదట్లో నా టైలరింగ్ షాపు, దాని వెనకే ఇల్లు. వీధి పొడుగునా ఇళ్ళ వెనక ఒక కాలువ పోతుంది. దానికి పేరు లేదు, మాకు కాలువ అంటే అదే. పైన పొలాల్లో మిగిలిన నీళ్ళు, చెరువు నిండితే అలుగు మీంచి దూకే నీళ్ళు, అన్నీ అందులో పడి ఉప్పుటేట్లో కలిసి సముద్రానికి పోతాయి. కాలువ అవతల ఒకప్పుడు బీడు ఉండేది. ఇప్పుడన్నీ రొయ్యల గుంటలు. వాటి కట్టలు మనిషెత్తు లేచాక నీళ్ళకు ఇంకో దారి లేకుండా పోయింది.

ఎండాకాలంలో చూస్తే అది కాలువని ఎవరూ అనుకోరు. అడుగంతా ఎండి, గడ్డి మొలిచి, నున్నగా మైదానంలా ఉంటుంది. వలలు ఆరేస్తారు, మిరపకాయలు ఎండబోస్తారు. ఈస్టరు తర్వాత మా చర్చి సంఘం ప్రార్థన కూటాలు కూడా అక్కడే. షామియానాలు వేసి, కుర్చీలు పరిచి, లైట్లు కట్టి, చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వచ్చి కూర్చుంటారు. అక్టోబరు దాటి వానలు పట్టాయంటే మాత్రం ఆ చోట కుర్చీ కాదు, తాటిమాను కూడా నిలవదు. కొట్టుకుపోతుంది.

ఒక ఏడాది తుపాను వచ్చినప్పుడు నీళ్ళు మా ఇళ్ళలోకి కూడా వచ్చాయి. నా కుట్టుమిషన్లు కాళ్ళదాకా మునిగాయి. వీధి చివర, కాలువకు ఆనుకుని పల్లంలో ఒక అక్క ఇల్లు ఉంది. నాకు తోడబుట్టింది కాదు గానీ వీధిలో అందరికీ ఆమె అక్కే. ఆమె భర్తకు పక్షవాతం, ఎడమపక్క పూర్తిగా పడిపోయింది. ఆ రోజు మంచంతో సహా ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని చర్చి మేడ మీదికి చేర్చాం. ఆయన తిరగని నాలుకతోనే ఏదో కీర్తన గొణుగుతున్నాడు. తెల్లారేసరికి నీళ్ళు దిగిపోయాయి. ఎటు దిగిపోయాయంటే, ఆ కాలువలోకి. వచ్చినంత నీటినీ అదే మింగింది. ఇది మా వీధిలో పాలుతాగే బిడ్డను తప్ప ఎవర్నడిగినా చెబుతారు.

అలా అడిగే ఉద్దేశంతోనే ప్రదర్శన పెడుతున్నామని మాకు చెప్పారు. నెల్లూరు నుంచి సముద్రం దాకా అంతా రాబోయే రోజుల్లో ఒకే నగరంలా పెరగబోతోందట. ఆ నగరం ఎలా ఉండాలో బొమ్మలు గీసి, నమూనాలు చేసి, నెల్లూరులో ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. మా ఊరికి బస్సు పంపారు. అందరూ మంచి బట్టలు కట్టుకుని ఎక్కారు. ఆ వారం నేను ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలన్నీ ఆ బస్సులోనే ఉన్నాయి.

"ఏంది అక్కా, పట్టుచీర కట్టినావు? పెళ్ళికా?" అన్నాడు డ్రైవరు.

"మా వీధి బొమ్మ చేసుండారంట. చూసేదానికి పోతుండాం. మా వీధి మమ్మల్ని చూసి సిగ్గుపడగూడదు గదా!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అదొక్కసారే.

మండపంలో పెళ్ళి పీటలు వేసే వేదిక మీద పొడుగాటి బల్ల వేసి దాని మీద నమూనా పెట్టారు. ఏసీ చల్లదనానికి చేతులు ముడుచుకుని జనం దాని చుట్టూ తిరుగుతున్నారు. పెన్నా నది నీలం రంగు గాజులా మెరుస్తోంది. మేడలు, చెట్లు, వీధి దీపాలు, అగ్గిపెట్టెంత బస్సులు. మా చర్చి గోపురం కూడా ఉంది. అది చూసి మావాళ్ళు "అదో, అదో" అని వేళ్ళు చూపిస్తూ మురిసిపోయారు. నేను గోపురం చూడలేదు. దాని వెనక చూశాను.

కాలువ లేదు. దాని చోట పచ్చటి పట్టీ, దాని మీద ఇటుకరంగు దారి. ఒకచోట అర్ధచంద్రాకారంలో మెట్లు. మెట్ల మీద గోరంత ప్లాస్టిక్ మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు ముఖాలు లేవు. వాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టారో నేను చూశాను. తుపాను నాడు మేం మంచం మోసుకుంటూ నడుము లోతు నీళ్ళలో తడబడిన చోటే అది.

బల్ల దగ్గర మెడలో కార్డు వేసుకున్న ఒక ఆర్కిటెక్టు అమ్మాయి నిలబడి ఉంది. మర్యాదస్తురాలే. కాదని అనను. మాట్లాడుతున్నంతసేపూ నా భుజం మీంచి వెనక వచ్చేవాళ్ళను చూసింది, అది కూడా మరిచిపోను.

"ఏంది మేడం, ఈ పచ్చటిది?"

"పార్కు అంకుల్. ఇది నడక దారి. ఇక్కడేమో ఓపెన్ ఎయిర్ థియేటర్."

"ఇక్కడ కాలువ ఉండాల గదా."

"కాలువ ఎక్కడికీ పోదంకుల్. కింద పైపులో వెళుతుంది."

"ఎంత లావు పైపు?"

"అది ఇంజనీరింగ్ వాళ్ళు చూసుకుంటారు."

"మీరెప్పుడన్నా చూసినారా మేడం మా కాలువని?"

"ఎందుకు చూడలేదు! డ్రోన్‌తో మొత్తం సర్వే చేశాం. ఏప్రిల్లో."

"ఏప్రిల్లో మా కూటాలు జరగతా ఉంటాయి."

"అవునంకుల్!" ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "పైనుంచి చూస్తే ఎంత జనమో! కుర్చీలు, లైట్లు, స్టేజీ. కింద ఉన్నవాళ్ళను అడిగితే 'ఇది మా గ్రౌండు' అన్నారు. మీవాళ్ళు ఆల్రెడీ దాన్ని పబ్లిక్ స్పేస్‌లా వాడుకుంటున్నారు కదా. ఈ థియేటర్ ఆలోచన మాకు అక్కడే వచ్చింది."

మావాళ్ళు అలా అనే ఉంటారు. ఏప్రిల్లో అది మా గ్రౌండే. నవంబరులో వచ్చి అడిగితే వేరే మాట చెప్పేవాళ్ళు. నవంబరులో అడగడానికి ఎవరూ రాలేదు.

"మేడం, నవంబర్లో వచ్చి చూడండి. ఈ మెట్ల మీద బొమ్మలు కూర్చోవు, తేలతాయి."

ఆ అమ్మాయి నవ్వింది. నేను తమాషాకి అనలేదు. "మీ అభిప్రాయం చాలా ముఖ్యం అంకుల్. అక్కడ స్టిక్కర్లు ఉన్నాయి, పెట్టండి" అని వెనక వచ్చినవాళ్ళ వైపు తిరిగింది. అప్పుడే టీ ట్రే వచ్చింది. నా ముందునుంచే పోయింది. నా పక్కనున్న కళ్ళజోడు ఆయనకు ఇచ్చి, అటుపక్క ప్యాంటు వేసుకున్న ఆవిడకు ఇచ్చి, నన్ను దాటి పోయింది. చిన్న విషయమే. అయినా రాస్తున్నాను.

స్టిక్కర్ల సంగతి చెప్పాలి. నమూనా పైన అద్దంలాంటి పలుచని రేకు పరిచారు. పక్కన గిన్నెల్లో గుండ్రటి బిళ్ళలు. నచ్చిన చోట పచ్చది అంటించాలి, అభ్యంతరం ఉన్న చోట ఎర్రది. చదువుకున్నవాళ్ళు ఎంతో ఆలోచించి పెట్టిన పద్ధతే అయ్యుంటుంది. కానీ మా వీధిలో ఎర్రటి గుర్తుకు ఇంకో అర్థం ఉందని వాళ్ళకు తెలియదు.

కొన్నేళ్ళ కింద మా ఊరి మెయిన్ రోడ్డు వెడల్పు చేశారు. కొలతల వాళ్ళు ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వచ్చి, కొట్టేయాల్సిన గోడల మీద గుర్తులు వేసి పోయారు. తర్వాత వచ్చిన యంత్రం ఎవర్నీ ఏమీ అడగలేదు. గుర్తు ఉన్న చోటల్లా కొట్టుకుంటూ పోయింది. అక్కవాళ్ళు అప్పట్లో మెయిన్ రోడ్డు మీదే ఉండేవాళ్ళు. ముందుగది పోయి, మిగిలిన గది నిలవక, ఇక్కడ పల్లంలో చవగ్గా స్థలం దొరికితే వచ్చి కట్టుకున్నారు. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ గోడ మీద ఎర్ర రంగు ముట్టనివ్వరు. చర్చి ప్రహరీ మీద ఎర్రగా రాసిన బైబిలు వాక్యాన్ని కూడా సంఘపెద్దలు నీలంగా మార్పించారు. పిల్లలు ఎర్ర సుద్దతో గీసినా తల్లులు తడిగుడ్డతో పరిగెత్తుకొస్తారు.

అటువంటి మనుషుల ముందు ఎర్ర బిళ్ళల గిన్నె పెట్టారు.

ఒక్కరూ దాన్ని ముట్టలేదు. అందరూ పచ్చవి తీసుకున్నారు. ఎవరింటి మీద వాళ్ళు అంటించుకున్నారు. కొందరు గట్టిగా ఉంటుందని రెండేసి. "నాయనా, మా ఇంటి మీద కూడా ఒకటి పెట్టు, నాకు అందడంలా" అని ముసలివాళ్ళు అడిగి పెట్టించుకున్నారు. చర్చి మీద, బడి మీద, వెనక ఆ పార్కు మీద, అంతటా పచ్చవే. నచ్చి కాదు. పచ్చది ఉంటే యంత్రం రాదని.

నేను ఎర్రది తీసుకున్నాను. ఆ మెట్ల మీద, ముఖాల్లేని బొమ్మల నెత్తిన పెట్టి బొటనవేలితో అదిమాను. నా ఎడమ బొటనవేలి గోరు మధ్యకి చీలి ఉంటుంది. కుర్రతనంలో మిషను సూది దిగింది. ఆ వేలితోనే అదిమాను. అప్పుడు పక్కన ఎవరో ఫోటో తీసినట్టు వెలుగు పడింది. పట్టించుకోలేదు.

"ఓరి నీ దుంపదెగ! ఏంది అబ్బయ్యా నువ్వు చేసిన పని?" అక్క గొంతు.

"కాలువ మీద పెట్టినా అక్కా. వద్దని చెప్పేదానికి."

"కాలువ మీద యాడ పెట్టినావు? సగం మా ఇంటి మీదుండాది, చూడు! నా ముందుగది మింగింది చాల్లేదా ఈ ఎర్రది?"

"ఇది ఆ ఎర్ర కాదక్కా. ఇక్కడ ఎర్ర అంటే..."

"ఎర్ర అంటే నాకు నువ్వు చెప్తావా? కదల్లేని మనిషిని పెట్టుకోనుండా ఇంట్లో. రేపు మిషనొస్తే నీ టేపు అడ్డం పెడతావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఆయన కొలతలు ఎప్పుడూ అంతేలే అక్కా, చంకల కాడ పట్టేస్తాది" అని నాతో చొక్కాలు కుట్టించుకునే మనిషే అన్నాడు. ఎవరో నాకు తెలుసు. అక్క వంగి, పొడుగాటి గోటితో నా బిళ్ళను పెకలించి, చీర కొంగుకు తుడిచి, దాని చోట పచ్చది అంటించింది. వెళుతూ వెళుతూ చర్చి గోపురం వైపు తిరిగి కళ్ళు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసింది. నమూనాలోని గోపురం వైపు.

నేను ఇంకో ఎర్రది తీసుకోబోతే మావాళ్ళే చెయ్యి పట్టుకున్నారు.

సాయంత్రం ముగింపు సభ. ఒక పెద్దమనిషి మైకులో చెప్పాడు. అన్ని ఊళ్ళలోకీ మా వీధినుంచే ఎక్కువ ఆమోదం వచ్చిందట. ఒక్కటంటే ఒక్క అభ్యంతరం లేదట. ఇటువంటి ప్రజలుంటే నగరాలు వాటంతటవే అందంగా తయారవుతాయట. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. మైకు పట్టుకుని తిరుగుతున్న మనిషి నా దాకా వచ్చాడు, నన్ను చూశాడు, నా వెనక వరుసలోకి అందించాడు. నేను మైకు లేకుండానే అరిచాను. "కాలువ సంగతేంది?" వేదిక మీద ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. "పెద్దాయనా, కూర్చోండి, భోజనాలు ఉండాయి" అన్నారెవరో. నేను భోంచెయ్యలేదు. బస్సులో అందరూ పులిహోర గురించే మాట్లాడుకున్నారు.

తర్వాత నేను ఊరుకోలేదు. ఏయే ఆఫీసులకు పోయానో, ఎవరి గది బయట ఏ బల్ల మీద కూర్చున్నానో రాస్తే ఇది తెమలదు. ఎక్కడికి పోయినా ఒకటే మాట. "ప్రజాభిప్రాయం తీసుకున్నాం కదండీ. మీ వీధివాళ్ళే కదా ఒప్పుకున్నది." ఒకాయనైతే నన్ను పైనుంచి కిందికి చూసి, "మీకొక్కరికే ఎందుకండీ ఇబ్బంది?" అన్నాడు. ఆయన చొక్కా కాలరు తిరగేసి కుట్టినది. బాగా కుట్టలేదు.

మరుసటి ఏడు నెల్లూరులోనే ఇంకో ప్రదర్శన పెట్టారు. ఈసారి నమూనాలతో పాటు మొదటి ప్రదర్శన ఫోటోలు కూడా పెద్దవి చేసి గోడలకు తగిలించారు. నేను నా సొంత ఖర్చుతో బస్సెక్కి వెళ్ళాను. ప్రజల భాగస్వామ్యం అని రాసిన గోడ మీద నిలువెత్తు ఫోటో ఒకటి ఉంది. నమూనా మీద ఒక చెయ్యి వంగి ఉంది. బొటనవేలు ఒక గుండ్రటి బిళ్ళను అదుముతోంది. ఆ గోరు మధ్యకి చీలి ఉంది.

అది నా చెయ్యి. ఫోటో నలుపు తెలుపుల్లో వేశారు. బిళ్ళ రంగు తెలియడం లేదు.

ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. జనం వచ్చి నా చేతి ముందు నిలబడి ఫోటోలు దిగి పోతున్నారు. కాపలా మనిషితో "ఇది నా చెయ్యి, అన్నా" అని వేలు చూపించాను. ఆయన నా వేలు చూశాడు, గోడ మీది వేలు చూశాడు. "అయితే మంచిదే గదన్నా, ఫేమస్ అయినావు" అన్నాడు. "అది ఎర్రది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఆయన తప్పు లేదు. కానీ ఆ ఫోటోకు రంగు తీసేసినవాళ్ళకు అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కావాలని చేశారా, అందానికి చేశారా? ఏది నిజమైనా నాకు భయంగానే ఉంది.

మొన్న ఎండాకాలం పని మొదలుపెట్టారు. కూటాలు ఈ ఏడు చర్చి ఆవరణలోనే సర్దుకోమన్నారు. టిప్పర్లు మట్టి తెచ్చి కాలువలో పోశాయి. పైపు వేశారు, నిజమే. గొర్రెపిల్ల దూరేంత పైపు. దాని మీద మట్టి, మట్టి మీద ఇటుకరంగు పలకలు. అర్ధచంద్రాకారపు మెట్లు కూడా కట్టారు. సాయంత్రాలు మావాళ్ళు అక్కడ నడుస్తున్నారు. బాగుందని అంటున్నారు. బాగుంది, నేనూ కాదనను. నమూనాలో ఉన్నట్టే ఉంది.

ఆగస్టులో ఒక్క రాత్రి వాన పడింది. పెద్ద వాన కాదు. తెల్లారి షాపు తలుపు తీస్తే మిషను కింద పీతలు. కాలువలో ఉండాల్సిన పీతలు వరసగా గోడ వారన నడుచుకుంటూ వీధి వైపు, ఎత్తు వైపు పోతున్నాయి. మా పెరట్లో బావి నీళ్ళు చేత్తో అందుకునేంత పైకి వచ్చాయి, నోట్లో పోసుకుంటే ఉప్పన. అక్కవాళ్ళ ఇంట్లో గచ్చు చెమర్చింది. వానే లేని రోజుల్లో కూడా తుడిచిన కొద్దీ తడి. పైపు నోటి దగ్గర నీళ్ళు నిలబడి ఉన్నాయి. పోవడం లేదు. నిలబడి మా వైపు చూస్తున్నాయి. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఇప్పుడు అక్టోబరు. సముద్రం వైపు మబ్బు ఆగి ఉంది. అల్లూరు వైపు అప్పుడే పడుతోందని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు.

నిన్న సాయంత్రం అక్క నా షాపుకు వచ్చింది. ఆ ప్రదర్శన తర్వాత ఆమె నా షాపు మెట్టెక్కడం అదే మొదలు. ఆ రోజు ఆమె నా బిళ్ళ పెకలించింది నేను మరిచిపోలేదు. ఆమె కూడా మరిచిపోలేదని ఆమె నిలబడిన తీరు చూస్తే తెలిసింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, నేను కుడుతున్న గుడ్డ వైపు చూస్తూ అడిగింది.

"అబ్బయ్యా, ఆయన మంచం కింద ఇటుకలు పెట్టించినా. ఇంకో వరస పెట్టమంటావా?"

"ఎన్ని వరసలు పెడతావక్కా?"

"అదే అడుగుతుండా. పోయినసారి నీళ్ళు వచ్చినాయి, పోయినాయి. ఈసారి వస్తే యాడికి పోతాయి?"

నేను మిషను ఆపాను. నేను ప్రతి ఆఫీసులోనూ అడిగిన మాట అది. ఈసారి నన్ను అడుగుతున్నారు. "చర్చి మేడ గది తాళం నా దగ్గర పెట్టుకుంటాలే" అన్నాను. ఆమె తల ఊపింది. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు నువ్వు పెట్టింది అట్టనే ఉంచుంటే ఆపేవాళ్ళా?" అంది. నా ఒక్క బిళ్ళకు ఎంత విలువ ఇచ్చేవాళ్ళో మైకు పట్టుకున్న మనిషి ఆ రోజే నాకు చూపించాడు.

కాబట్టి ప్రదర్శన పెట్టినవాళ్ళను అడుగుతున్నాను. నమూనా చేసినవాళ్ళను, మా పచ్చ బిళ్ళలు లెక్కపెట్టినవాళ్ళను, నా చెయ్యి గోడకు తగిలించినవాళ్ళను అడుగుతున్నాను. నాకు టీ వద్దు, భోజనం వద్దు, మైకు వద్దు. నాకు కాకపోయినా పరవాలేదు, వీధి చివర ఆ ఇంట్లో మంచం మీద ఉన్నాయనకు చెప్పండి. పైనుంచి నీళ్ళు బయల్దేరితే ఎటు పోవాలి? మీలో ఒకరు, ఎవరైనా ఒకరు, వాన రాకముందే వచ్చి ఆ గుమ్మంలో నిలబడి చెప్పండి.